తాడేపల్లి మీదుగా గర్భగుడికి

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు, రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు రామేశ్వరం గురించి రాస్తారు. మేం వెళ్ళింది తాడేపల్లికి. పర్చూరు పక్కనున్న మా ఊరినుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోయే దూరం. దీనికి ఒక యాత్రా కథనం కూడానా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఆ దారిన వెళ్ళాల్సిన మగవాళ్ళు ఊరికి నలుగురైనా ఉంటారు, ఒక్కడూ నోరు విప్పడు. అందుకే మా ఆయన్ని అడిగే రాస్తున్నాను. "రాయి, కానీ అందంగా రాయి" అన్నారు. మూత్రం గురించి అందంగా ఎలా రాస్తారో ఆయనే చెప్పాలి.

మా ఆయన మా ఊరి శివాలయంలో అర్చకుడు. ఊరంతా శర్మగారంటారు. నేను ఎయిడెడ్ స్కూల్లో చిన్నతరగతుల టీచరుగా చేసి రిటైరయ్యాను. తెల్లవారకముందే తలస్నానం చేసి, మడి కట్టుకుని, స్వామికి మహానైవేద్యం వండిపెట్టి, ఆ తర్వాత స్కూలుకి పరిగెత్తడం నా జీవితం. ఇప్పుడు స్కూలు లేదు, వంట మాత్రం అలాగే ఉంది.

ఈయనకి కొన్నాళ్ళుగా మూత్రం సరిగ్గా రావడం లేదు. అడిగితే "వయసే" అని కసిరేవారు. చివరికి నేనే గోల చేసి గుంటూరు తీసుకెళితే రక్తపరీక్ష, స్కానింగు, సూదులతో ముక్క తీసి చేసే పరీక్ష, అన్నీ చేసి ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సరన్నారు. "గ్రంథి దాటి బయటికి పోలేదమ్మా, అదృష్టవంతులు. గ్రంథిని మొత్తంగా తీసేస్తే సరిపోతుంది" అన్నారు డాక్టరు. ఈయన మాత్రం బతుకుతానా అని అడగలేదు. "తీసేశాక మూత్రం మీద అదుపు ఉంటుందా?" అని అడిగారు.

డాక్టరు దాచకుండా చెప్పారు. మొదట్లో కారుతుంది, చాలామందికి వారాల్లోనో నెలల్లోనో అదుపు తిరిగొస్తుంది, కొద్దిమందికి పూర్తిగా రాకపోవచ్చు కూడా. తాడేపల్లిలో రోబో సాయంతో చేస్తున్నారు, చిన్న చిన్న రంధ్రాలతో అయిపోతుంది, త్వరగా కోలుకుంటారు, అదుపు తెచ్చే కండరాల దగ్గర జాగ్రత్తగా పనిచేయడానికి వీలుగా ఉంటుంది అన్నారు.

బయటికొచ్చాక ఈయన మెట్ల మీద కూర్చుండిపోయారు. "చుక్క పడితే మడి పోయినట్టేనే కామూ. మడి లేనివాణ్ణి గడప దాటి లోపలికి ఎలా వెళతాను? స్వామిని ఎలా ముట్టుకుంటాను?" అన్నారు. పన్నెండో ఏట తండ్రి చెయ్యి పట్టుకుని ఆ గర్భగుడిలోకి వెళ్ళిన మనిషి. ఆ రాతిగది తప్ప ఈయనకి వేరే ఇల్లు లేదు, మేమున్నది ఈయన బట్టలు ఆరేసుకునే చోటు. నాకు ఆ క్షణాన కేన్సరు మీద కూడా అంత కోపం రాలేదు, ఈయన దుఃఖం చూసి వచ్చింది.

ఊళ్ళో హెర్నియా అని చెప్పాం. కూతుళ్ళిద్దరికీ కూడా అదే చెప్పించారు. గుడి మా మరిదికి అప్పగించి బయల్దేరాం.

మార్టూరు

కారు, డ్రైవరూ మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీ యజమాని వెంకట్రావుగారివి. ఆయన కొత్త మెషిన్ దేనికైనా మా ఆయన పూజ చెయ్యందే స్విచ్ వెయ్యరు. డ్రైవరు మస్తాన్ మాకు పాతికేళ్ళుగా తెలుసు. వాళ్ళ నాన్న మా గుడి పల్లకీకి పట్టుగుడ్డలు కుట్టేవాడు. మస్తానుకి మాత్రం నిజం చెప్పాం, దారిలో ఎక్కడెక్కడ ఆపాలో అతనికే కదా తెలియాలి.

ఆసుపత్రికి వెళ్ళే మనిషి దారిలో ఆగి మెషిన్‌కి పూజ చేస్తానంటే ఏమనాలి? "మాటిచ్చానే" అన్నారు. మార్టూరులో దిగితే ఊరంతా రాతిపిండి. చెట్ల ఆకులు కూడా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. మా నల్లరేగడి ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళకి ఆ తెలుపు వింతగా ఉంటుంది. ఫ్యాక్టరీ లోపల అద్దంలా మెరిసే నల్లరాతి పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో మా ఇద్దరి ముఖాలూ కనబడ్డాయి, ఇద్దరం భయపడుతున్నట్టే ఉన్నాం.

పాలిష్ మెషిన్‌కి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టారు మా ఆయన. గొంతు ఎక్కడా తొణకలేదు. మంత్రం చదివేటప్పుడు ఈయనకి ఏ రోగమూ ఉండదు. వెంకట్రావుగారు నాకు పండ్ల బుట్ట ఇస్తూ "హెర్నియాకి తాడేపల్లి దాకా ఎందుకమ్మా, చిలకలూరిపేటలో చేస్తారుగా!" అన్నారు. "అక్కడైతే మెషిన్‌తో చేస్తారటండీ" అన్నాను.

కారెక్కాక ఈయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. పత్తి తీసేసిన చేలల్లో ఎండిన కట్టె నిలబడి ఉంది. మిరప కల్లాల్లో ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. చిలకలూరిపేట దాటాక ఉన్నట్టుండి అడిగారు. "ఆ హాస్పిటల్ మెషిన్‌కి పూజ ఎవరు చేశారో?"

మస్తాన్ అద్దంలోంచి నన్ను చూశాడు. నేను పెదవి విరిచాను.

గుంటూరు

గుంటూరులో ఆగింది మస్తాన్ టిఫిను కోసమే. మేం బయట తినం. దద్దోజనం డబ్బాలో తెచ్చుకున్నాను. కారు అద్దాలు బిగించుకుని ఏసీలో కూర్చుని తిన్నాం. అతను ఇడ్లీల మీద కారప్పొడి, దాని మీద నెయ్యి పోయించుకుని, నుదుటి చెమట తుడుచుకుంటూ తిన్నాడు. మా వైపు కూడా కారం తింటాం కానీ గుంటూరులో పొద్దున్నే మొదలుపెడతారు. ఇడ్లీ బండి ఆవిడ నన్ను చూసి "అమ్మా, ఒక్కటి తినకూడదూ, డబ్బులొద్దులే" అని అరిచింది. ఆ అరుపులో అంత ప్రేమ ఉంది, నా ఆచారం మీద నాకే విసుగొచ్చింది.

తాడేపల్లి

ఆసుపత్రికి దగ్గరలో సామ్రాజ్యంగారని ఒకావిడ తన ఇంటి వెనక గదులు రోగుల తాలూకు మనుషులకి అద్దెకిస్తుంది. గ్యాసుపొయ్యి, రెండు గిన్నెలు, ఒక బకెట్టు. "ఏ ఆపరేషనూ?" అని అడిగింది గుమ్మంలోనే. ఈయన "హెర్నియా" అనబోయారు. "ప్రోస్టేటా? మా గదుల్లో అందరూ వాళ్ళే. బకెట్టు పెద్దదిస్తాలెండి" అంది. మా ఆయన ముఖం ముడుచుకుపోయింది. నాకు మాత్రం గుండెల మీద బరువు కొంచెం దిగింది, ఈ ఊళ్ళో అబద్ధం అక్కర్లేదని.

కృష్ణకి ఇవతల ఒడ్డు తాడేపల్లి. అవతల బెజవాడ, కొండ మీద అమ్మవారి గుడి. నీళ్ళు మా ఊళ్ళోలా ఉప్పగా ఉండవు, పప్పు రెండు ఉడుకుల్లో మెత్తబడుతుంది. కొబ్బరిబోండాం మాత్రం మా ఊళ్ళో ముప్పై అయితే ఆసుపత్రి గేటు దగ్గర అరవై. బోండాంవాడితో దెబ్బలాడి యాభైకి తెచ్చుకున్నాను. ఆ రోజు నాకు ఎవరితోనో ఒకరితో దెబ్బలాడాల్సిన అవసరముంది పాపం.

ఆపరేషన్ ముందు రోజు ఆసుపత్రిలో చేర్చుకున్నాక, సాయంత్రం ఆపరేషన్ చేసే డాక్టరుగారు మా దగ్గరికొచ్చారు. మా పెద్దమ్మాయి ఈడు ఉంటుంది ఆయనకి. సన్నగా, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉన్నారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని "అడగండి పంతులుగారూ, ఏం అడగాలనుకుంటున్నారో" అన్నారు.

"మెషినే కోస్తుందా బాబూ?"

"లేదండీ. దానికి సొంత బుర్ర లేదు. అదే గదిలో, మీకు కాస్త దూరంగా నేను కూర్చుంటాను. మీ లోపలున్నది నాకు పెద్దదిగా, దగ్గరగా కనబడుతుంది. నా వేళ్ళు ఎటు తిరిగితే దాని చేతులు లోపల అటు తిరుగుతాయి. నేను తల బయటికి తీస్తే అది ఆగిపోతుంది."

"మీ చెయ్యి వణికితే?"

"ఆ వణుకుని అది లోపలిదాకా పోనివ్వదండీ."

చివరికి ఈయన నేను భయపడుతున్నది అడగనే అడిగారు. "దానికి పూజ జరిగిందా? నన్నొక్క బొట్టు పెట్టనిస్తారా?"

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. డాక్టరుగారు నవ్వలేదు. "దసరాకి మావాళ్ళు దూరంగా నిలబడి హారతిస్తారండీ. ముట్టుకోవడం మాత్రం కుదరదు. ఆపరేషన్‌కి ముందు దాని చేతులకి శుభ్రమైన తొడుగులు వేస్తారు. ఒకసారి వేశాక, శుభ్రం చేసుకుని గౌను తొడుక్కున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేను మామూలుగా వెళ్ళి ముట్టుకున్నా అంతా తీసి మళ్ళీ మొదలుపెట్టాలి."

మా ఆయన ముఖం చూడాలి! అన్నాళ్ళ తర్వాత దీపం వెలిగినట్టు వెలిగింది. "అంటే దానికీ మడి ఉందన్నమాట!" అన్నారు.

"ఉందండీ. మీకంటే ఎక్కువే" అన్నారు డాక్టరుగారు.

"అయితే భయం లేదు. ఏదీ, మీ చేతులు ఇలా ఇవ్వండి." రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని ఏదో చదివారు. గోత్రం అడిగారు. "మాకు గోత్రాలవీ ఉండవండీ, మాది చర్చి" అన్నారాయన. "పేరు చాలు నాయనా" అని పేరుతోనే చదివి, నా సంచిలోంచి అక్షింతలు తీయించి ఆ చేతుల మీద పోశారు. డాక్టరుగారు చేతులు వెనక్కి తీసుకోకుండా, అక్షింతలు కిందపడకుండా దోసిలి పట్టుకుని కూర్చున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగాను.

మర్నాడు పొద్దున రుద్రాక్షమాల తీసి నాకిచ్చారు. తలుపు దగ్గర స్ట్రెచర్ మీదనుంచి "కామూ, గుడి తాళం తమ్ముడు జాగ్రత్తగా పెడుతున్నాడో లేదో ఫోన్ చెయ్యి" అన్నారు. అంతే. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆఖరి మాట ఇదే అయితే ఎలాగురా దేవుడా అనుకున్నాను. బయట కుర్చీలో రుద్రాక్షలు ఒడిలో పెట్టుకుని, అందరినీ తిట్టుకుంటూ కూర్చున్నాను. రోగాన్ని, ఈయన్ని, మా ఊరి స్వామిని, టీవీలో నవ్వుతున్న యాంకరుని. మస్తాన్ కాఫీ తెచ్చిపెట్టాడు. బయటి కాఫీ, ఎవరు కాచారో తెలియదు, తాగేశాను.

డాక్టరుగారు బయటికొచ్చి "బాగా జరిగిందమ్మా. అదుపుకి కావలసిన కండరాన్ని, నరాలని జాగ్రత్తగా కాపాడాం. మిగతాది కాలమే చెప్పాలి" అన్నారు. ఆయన వేళ్ళ వైపే చూశాను. వాటిని ముట్టుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. చిన్నవాడు కదా అని ఊరుకున్నాను.

చెవి మీద జంధ్యం

మర్నాడే లేపి నడిపించారు. పొట్ట మీద అక్కడక్కడా చిన్న చిన్న పట్టీలు, అంతే. తలవైపు బాగా కిందికి వంచి పడుకోబెట్టి చేశారట, అందుకని ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవై, పెళ్ళి ఫోటోలో వాళ్ళ పెద్దనాన్నలా ఉన్నారు. పొట్టలోకి గాలి ఎక్కించి చేస్తారు కనక భుజాలు లాగుతున్నాయన్నారు. ఇవన్నీ రెండు పూటల్లో తగ్గాయి. ఉండిపోయింది గొట్టం. మూత్రం దానంతటదే గొట్టంలోంచి సంచిలోకి వస్తుంది. లోపలి కుట్టు మానేదాకా అది తియ్యరు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఇళ్ళలో మగవాళ్ళు మూత్రానికి వెళ్ళేటప్పుడు జంధ్యం కుడిచెవికి చుట్టుకుంటారు, అది మైలపడకుండా. పని కాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని తీసేస్తారు. గొట్టంలో మూత్రం రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది కదా! మా ఆయన మెలకువ వచ్చిన దగ్గర్నుంచీ జంధ్యం చెవికి చుట్టుకున్నారు. తీయలేదు. తినేటప్పుడూ అంతే, పడుకున్నా అంతే, కారిడార్లో సంచి పట్టుకుని నడిచినా అంతే. ఒక నర్సమ్మాయి వచ్చి "తాతగారూ, చెవికేమైంది, నొప్పా?" అని అడిగింది.

"లేదమ్మా. పని ఇంకా అవలేదు" అన్నారు.

డిశ్చార్జయి సామ్రాజ్యంగారి గదికి వచ్చాక ఇంకా పెద్ద తమాషా. మూలనున్న చాప తనకే అన్నారు. చెంబు వేరు, కంచం వేరు. నేను వండుతుంటే పొయ్యి వైపు రారు. "నన్ను ముట్టుకోకు, నేను మడికి పనికిరాను" అంటారు. అన్నం పైనుంచి వడ్డిస్తే తిని, కంచం తనే కడిగి బోర్లించుకునేవారు.

ఈ మర్యాదలన్నీ నాకు కొత్తా? మా ఇంట్లో నెలనెలా ఇలాంటి మూల చాప మీద నేను కూర్చున్నదాన్నే. స్కూల్లో వందమంది పిల్లల ముక్కులు తుడిచి వచ్చి, ఇంట్లో బిందె ముట్టుకోకుండా పెరటి అరుగు మీద చెంబు కోసం ఎదురుచూసినదాన్ని. కానీ అప్పుడు నాకు ఏడుపు రాలేదు, అలవాటు. ఆ ముసలాయన గొట్టం ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఒంగలేక ఒంగి, కంచం కడుక్కోవడం చూస్తే మాత్రం ఏడుపు ఆగలేదు.

రెండోరోజు ఆ కంచం లాక్కున్నాను. చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. "ముట్టుకున్నాను. ఏం చేస్తారు?" అన్నాను. చెయ్యి విడిపించుకుని, ముఖం అటు తిప్పుకుని, "నువ్వు స్నానం చేసి వండు మళ్ళీ" అన్నారు. సంచి ఖాళీ చేసేది నేనే, గాయం దగ్గర తుడిచేది నేనే. అయినా ఆ పని కాగానే మూలకి వెళ్ళిపోతారు. పెళ్ళయినప్పట్నుంచీ ఇంత దూరంగా మేమెప్పుడూ లేం.

సాయంత్రాలు కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళేదాన్ని. సంచిని గుడ్డసంచిలో పెట్టుకుని మెల్లగా నడిచేవారు. నీళ్ళ దగ్గర సంధ్యవార్చుకునేవాళ్ళని చూసి ఆగిపోయేవారు. దిగమంటే దిగేవారు కాదు.

గొట్టం తీసిన రోజు

తీసిన గ్రంథి రిపోర్టు వచ్చింది. అంచుల దాకా రోగం లేదు, మొత్తం వచ్చేసింది అన్నారు డాక్టరుగారు. నేను బిగ్గరగా ఏడ్చేశాను, ఆసుపత్రని కూడా చూసుకోలేదు. మా ఆయన "చుక్క సంగతి?" అన్నారు.

"ఇవాళ గొట్టం తీసేస్తాం. దగ్గినా, తుమ్మినా, గబుక్కున లేచినా పడుతుంది. ప్యాడ్ పెట్టుకోండి. కింద బిగించి పట్టుకునే వ్యాయామం రోజూ చెయ్యండి. తొందరపడకండి పంతులుగారూ, నాకు నమ్మకముంది" అన్నారాయన.

గొట్టం తీశారు. ఒక గంట గడిచింది, ఏమీ పడలేదు. ఈయన లేచి నడిచారు, పడలేదు. ముఖంలోకి రంగొచ్చింది. స్నానం చేసి, జంధ్యం చెవి మీదనుంచి తీసి భుజాన వేసుకున్నారు. చెవి ఎర్రగా కందిపోయి ఉంది. సామ్రాజ్యంగారు "వెళ్ళిరండి, మళ్ళీ మాత్రం రావద్దు" అని దీవించి పంపింది. మస్తాన్ కారు తెచ్చాడు. మంగళగిరి కొండ కనబడగానే ఈయన చేతులు జోడించి, సన్నగా రుద్రం అందుకున్నారు. నేను కొంచెం కొంచెంగా ఊపిరి పీల్చుకున్నాను.

మళ్ళీ గుంటూరు

ఏసీ పడటం లేదు, వికారంగా ఉంది, అద్దాలు దించమన్నారు ఈయన. మస్తాన్ దించాడు. ఎవరికీ తోచలేదు. మిర్చియార్డు రోజులు! లారీల వరస, వాటి మీద ఆకాశం దాకా గోతాలు. ట్రాఫిక్ ఆగింది, మేం సరిగ్గా రెండు మిర్చిలారీల మధ్య ఆగాం.

ఆ ఘాటు గుంటూరువాళ్ళకి గాలి, మనకి దగ్గు. ముందు మస్తాన్ తుమ్మాడు. తర్వాత నేను దగ్గాను. ఆ తర్వాత ఈయన మొదలుపెట్టారు, ఇక ఆగలేదు. పొట్ట పట్టుకుని, ముందుకు ఒంగిపోయి, కళ్ళనీళ్ళు కారుతూ దగ్గారు. అద్దాలు ఎక్కించేసరికే అయిపోయింది. ప్యాడ్ ఆపలేదు. తెల్ల పంచె మీద తడి పాకింది.

ఈయన జంధ్యం తీసి మళ్ళీ చెవికి చుట్టుకున్నారు. ఊరు దాటాక "ఎక్కడైనా ఆపు మస్తాన్" అన్నారు, ఎవరో చచ్చిపోయినట్టు.

రోడ్డు పక్కన ఒక మిరప కల్లం దగ్గర ఆపాడు. నలుగురైదుగురు ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ లేచి వచ్చింది. "ఏందమ్మా, పెద్దాయనకి బాగాలేదా?" అంది గట్టిగా. నాకు అబద్ధం ఆడే ఓపిక లేదు. "ఆపరేషనైందమ్మా. దగ్గితే మూత్రం పడింది. బట్ట మార్చుకోవాలి" అన్నాను.

"దానికేముంది, పాకలోకి పొమ్మను. నీళ్ళ డ్రమ్ముంది." ఈయన బట్టల సంచి పట్టుకుని పాకలోకి వెళ్ళారు. పాకంటే నాలుగు కర్రలకి కట్టిన పట్టా, లోపల ఊపిరి తీసినా బయటికి వినబడుతుంది. ఆవిడ గొంతు తగ్గిస్తే కదా! "నలుగుర్ని కన్నాను, నాకూ అంతే. దగ్గితే చాలు. మిరపకాయల్లో పని, దగ్గు రాకుండా ఉంటదా? పడతానే ఉంటది, చేస్తానే ఉంటా. కోకలు మార్చుకుంటా కూర్చుంటే ఈ కాయలెవరు ఏరతారు?" మిగతావాళ్ళు ఘొల్లున నవ్వారు. "నాకూ అంతే పిన్నీ!" అని ఒకతె అరిచింది.

ఈయన చాలాసేపటికి బయటికొచ్చారు. ఆ ఆడవాళ్ళకి చేతులెత్తి నమస్కారం పెట్టారు. వాళ్ళు కంగారుపడి లేచి నిలబడ్డారు.

చిలకలూరిపేట దారిలో

కారు కదిలింది. ఈయన మస్తానుకి వినబడకూడదని మెల్లగా అడిగారు.

"ఇక గుడి మా తమ్ముడే చూసుకుంటాడు. నేను బయట మంటపంలో కూర్చుని మంత్రం చెబుతాను. అంతేగా?"

నేను తడిసిన పంచె ఉన్న సంచి సర్దాను.

"కామూ. ఆవిడన్నది నిజమేనా? ఆడవాళ్ళందరికీ అంతేనా?"

"అందరి సంగతీ నాకేం తెలుసు? నాకు మాత్రం అంతే."

ఆయన నా వైపు పూర్తిగా తిరిగారు. "నీకా? ఎప్పట్నుంచి?"

"చిన్నది పుట్టినప్పట్నుంచి. దగ్గినా, తుమ్మినా. ఒక్కోసారి గట్టిగా నవ్వినా."

"చెప్పలేదే!"

"ఎవరికి చెప్పను? చెబితే ఏం చేసేవారు? చాప వేసేవారు."

ఈయనకి ఏదో తట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి. "మరి... నైవేద్యం?"

"పులిహోర పోపులో ఎండుమిరపకాయలు వేగితే దగ్గు రాదుటండీ?" అన్నాను. ఎన్నాళ్ళనుంచి లోపల ఉందో ఆ మాట, ఆపుకోలేకపోయాను. "మొదట్లో రెండుసార్లు పొయ్యి ఆపి, మళ్ళీ తలస్నానం చేసి, మళ్ళీ మడి కట్టుకుని, మళ్ళీ వండాను. మీ స్వామికి మధ్యాహ్నమైంది, మా హెడ్‌మాస్టరు మెమో ఇచ్చాడు. ఆ తర్వాత మానేశాను. పిల్లది పుట్టినప్పట్నుంచి నిన్నమొన్నటిదాకా, వారంవారం పులిహోర, ఆయన తింటూనే ఉన్నాడు. ఒక్కరోజు వద్దన్నాడా? ఊళ్ళో ఒక్కరికి కడుపు నొప్పి వచ్చిందా? మీరే కదా ప్రసాదం ముందు మీకు పెట్టమని చెయ్యి చాపేది!"

ఇంత మాట అనేసరికి నాకు భయం వేసింది. మడి కోసం ప్రాణమిచ్చే మనిషి. కారు దిగి నడిచి వెళ్ళిపోతారేమో, ఈ జన్మకి నా చేతి వంట ముట్టుకోరేమో. ఆయన నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. అప్పుడు ఆయన పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వు! ఆ గాయాల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "అబ్బా, అబ్బా" అంటూ, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నాకూ ఆగలేదు. నవ్వుతూనే ఒక్కసారి బిగుసుకుని, కిందికి చూసుకున్నారు. మార్చుకున్న పంచె కూడా తడిసింది.

మస్తాన్ అద్దంలో చూశాడు. కారు వేగం తగ్గించి, రోడ్డు పక్కకి తీయబోయాడు. "ఆపమంటారా పంతులుగారూ?"

ఈయన చెవి మీద జంధ్యం తీసి భుజాన వేసుకున్నారు. సీటు మీదున్న నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. అంతలా పట్టుకుంటారని నాకు తెలియదు, నా గాజులు నొక్కుకున్నాయి.

"వద్దు మస్తాన్, పోనివ్వు. పొద్దుగూకకముందు ఇంటికి చేరాలి. స్నానం చేసి సాయంత్రం గర్భగుడిలో దీపం నేనే పెట్టాలి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "రేపు స్వామికి పులిహోర వండు" అన్నారు.